ఎందుకైనా మంచిదని

అనంతపురంలో నేను తరచూ వెళ్లే మోటార్ రివైండింగ్ షాపు ఒకటుంది. షాపంటే రేకుల షెడ్డే. ముందర గచ్చు మీద విప్పి పడేసిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, పక్కన రాగితీగ చుట్టలు, లోపల్నుంచి వార్నిష్ వాసన. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒకరోజు కెపాసిటర్ కోసం వెళ్లి నిలబడి ఉన్నాను. గార్లదిన్నె వైపు రైతు ఒకాయన ఆటోలో మోటారు వేసుకొచ్చాడు. ఐదు హెచ్‌పీ. ఆరు నెలల్లో రెండోసారి కాలిందట.

షాపాయన దాన్ని విప్పకముందే అడిగాడు. “బోర్లో నీళ్ళెన్ని ఉండాయప్పా?”

“వేసినప్పుడు రెండించులు పడినాయన్నా. ఇప్పుడు ఇంచు వస్తే పెద్ద మాట.”

“అయితే ఇది బాగు చేయించినా మళ్ళా కాల్తాది. ఏడున్నర తీసుకపో. ఎందుకైనా మంచిది.”

రైతు తలూపాడు. నేను ఊరుకోలేక నోరు తెరిచాను. షాపాయన నావైపు చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాను.

అక్కడ జరిగింది ఏమిటంటే, బోరులోకి ఊరే నీళ్ళు తగ్గాయి. పంపు మాత్రం పాత లెక్క ప్రకారమే తోడుతోంది. కాసేపటికి నీటిమట్టం పంపు దాకా దిగిపోతుంది, నీళ్ళతో పాటు గాలి లాగుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు చల్లబడేది చుట్టూ పారే నీళ్ళతోనే. నీళ్ళు లేకపోతే బుష్షులు అరుగుతాయి, వైండింగ్ కాలుతుంది. ఇప్పుడు దాని స్థానంలో ఇంకా పెద్ద పంపు దించితే బోరు ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. నీళ్ళు లోతుకు పోతే హెచ్‌పీ పెంచాల్సిందే, కాదనను. కానీ లోతుకు కావలసింది ఎక్కువ స్టేజీలున్న పంపు, అంటే నీళ్ళను పైపైకి నెట్టే చక్రాలు వరసగా ఎక్కువ ఉన్నది. ఎక్కువ నీళ్ళు తోడే పంపు కాదు. ఈ రెంటికీ తేడా అడిగేవాడు లేడు, చెప్పేవాడికి తీరికా లేదు. దానికి బదులు మన దగ్గర ఒక మాట రెడీగా ఉంటుంది: ఎందుకైనా మంచిది.

మెకానికల్ చదివి నీళ్ళ పనుల్లో పడ్డవాణ్ని నేను. పంపులు, పైపులైన్లు, చిన్న చిన్న శుద్ధి ప్లాంట్లు. ఇరవై ఏళ్ళుగా డిజైన్ షీట్లు గీసి, దిద్ది బతుకుతున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో నేను చూసిన వృథాలో ఎక్కువ భాగం దొంగతనం వల్లో, చేతగానితనం వల్లో జరిగింది కాదు. ‘ఎందుకైనా మంచిదని’ జరిగింది. ఇప్పుడు అందరూ సస్టైనబిలిటీ అంటున్నారు, సుస్థిరత అంటున్నారు. దాన్ని ఇంజనీరింగ్ డిజైన్‌లో ఎక్కడ కలపాలి అని సెమినార్లు పెడుతున్నారు. నా మట్టుకు నాకు అది కలపాల్సిన దినుసు కాదు. ‘ఎందుకైనా మంచిది’ అన్నప్పుడల్లా అందులోంచి ‘ఎందుకు’ను బయటికి లాగి, దానికి ఒక అంకె రాబట్టడమే ఆ పని. అదీ మొదటి కాగితం మీద. చివరి కాగితం మీద కాదు.

చివరి కాగితం సంగతి నాకు బాగా తెలుసు. మన రాయలసీమలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ఫైనలియర్ వైవాకు పిలిచారు. నలుగురు పిల్లలు సోలార్ ప్యానెళ్ళు కడిగే యంత్రం చేశారు. మంచి ఆలోచనే. కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు 2017లో వచ్చిన సోలార్ పార్కు 1000 మెగావాట్లది. ఆ ఎర్రమట్టి దుమ్ము ప్యానెళ్ళ మీద పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, కాబట్టి కడగాలి. పిల్లల యంత్రానికి మోటారు, బ్రష్షు, స్ప్రింక్లర్, మొబైల్ యాప్ అన్నీ ఉన్నాయి. రిపోర్టు ఏడో అధ్యాయం పేరు ‘పర్యావరణం, సుస్థిరత’. ఒకటిన్నర పేజీ. అందులో ప్యారిస్ ఒప్పందం కూడా ఉంది.

“నీళ్ళు ఎక్కణ్నుంచి వస్తాయమ్మా?” అన్నాను.

“ట్యాంకు నుంచి సార్.”

“ట్యాంకులోకి?”

ఆ అమ్మాయి పక్కవాళ్ళ మొహాలు చూసింది. పాపం, తప్పు వాళ్ళది కాదు. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్ళు చాలా ఏళ్ళ పాటు ఇంజనీరింగ్ పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాలు 12 అని జాబితా ఇచ్చారు, అందులో ఏడోది పర్యావరణం, సుస్థిరత. ఏడో లక్షణం కాబట్టి ఏడో అధ్యాయం! గైడు అడిగారు, వీళ్ళు రాశారు, బైండింగ్ అయిపోయింది. డిజైన్ అంతా ముగిశాక తాళింపులో కరివేపాకులా వేసిన పేజీ అది. తినేటప్పుడు తీసి పక్కన పెడతాం.

అదే ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే ఏమయ్యేది? సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. పక్క జిల్లాలు కాస్త మెరుగు, అంతే. ‘ఒక ప్యానెల్‌కు నీళ్ళు సున్నా’ అని మొదటి కాగితం మీద రాసుకుంటే స్ప్రింక్లరే ఉండేది కాదు. పొడి బ్రష్షు, ప్యానెల్ వాలు, దుమ్ము ఎక్కువగా లేచే దిక్కున చెట్ల వరుస, ఇలా వేరే దారిలో పోయేవాళ్ళు. యంత్రమే మారిపోయేది. ఏడో అధ్యాయం ఎంత బాగా రాసినా ఒక నట్టు కూడా మారదు.

ఊరికే పిల్లల్ని అంటున్నాను గానీ, ఇంతకన్నా పెద్ద తప్పు నేనే చేశాను.

పదకొండేళ్ళ కిందటి మాట. కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి తాగునీటి ఆర్ఓ ప్లాంటు డిజైన్ చేశాను. గ్రానైట్ రాతిలో ఊరే నీళ్ళు కావడంతో అక్కడ బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, గత్యంతరం లేకపోతే 1.5. ఆ ఊరి బోరులో 3 వచ్చింది. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు నేనే చూశాను. కాబట్టి పని మంచిదే, తొందరా ఉంది. ఊళ్ళో 900 మంది. మనిషికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు ఐదు లీటర్లు వేసుకున్నా 4500 లీటర్లు. గంటకు 500 లీటర్లిచ్చే ప్లాంటు తొమ్మిది గంటలు నడిస్తే చాలు. నేను 1000 లీటర్లది పెట్టాను. మీకు కారణం ఈపాటికే అర్థమై ఉంటుంది.

ప్రారంభోత్సవం రోజు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బన్ కత్తిరించారు. మొదటి బిందె పట్టుకోవడానికి వచ్చిన అవ్వ ఒకామె షెడ్డు వెనక్కి వెళ్లి చూసి వచ్చింది. అక్కడ తెల్ల పీవీసీ పైపు నుంచి ధారగా నీళ్ళు పోతున్నాయి.

“అవి యాడికి పోతాయి నాయనా?” అని అడిగింది.

“అవి పనికిరాని నీళ్ళవ్వా. గుంతలోకి పోతాయి.”

“గుంతలోంచి?”

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వైవాలో నేను ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్న నా సొంతం కాదు. ఆ అవ్వ దగ్గర నేర్చుకున్నదే.

లెక్క చూడండి. గంటకు 2000 లీటర్ల బోరు నీళ్ళు ప్లాంటులోకి పోతే 1000 లీటర్లు మంచినీళ్ళుగా, 1000 లీటర్లు తిరస్కరించిన నీళ్ళుగా వస్తాయి. లోపలికి పోయిన ఫ్లోరైడ్ 6000 మిల్లీగ్రాములు. మంచినీళ్ళలో లీటరుకు 0.2 చొప్పున 200 పోతే, మిగిలిన 5800 మిల్లీగ్రాములూ ఆ రెండో వెయ్యి లీటర్లలో ఉండాలి. అంటే లీటరుకు 5.8. ఆర్ఓ ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, ఒక పక్కకు నెట్టి చిక్కబరుస్తుందంతే. ఆ చిక్కటి నీళ్ళను నేను బోరుకు నలభై అడుగుల దూరంలో ఇంకుడు గుంత తవ్వించి, బుద్ధిగా, డ్రాయింగ్‌లో కొలతలతో సహా చూపించి, భూమిలోకి పంపాను. అదే బోరు, అదే భూమి.

రెండేళ్ళ తర్వాత నీళ్ళు పరీక్షిస్తే బోరులో 3.4 వచ్చింది. అంతా ఆ గుంత వల్లే అని నేను ప్రమాణం చేసి చెప్పలేను. నీటిమట్టం పడిపోయినా ఫ్లోరైడ్ పెరుగుతుంది, ఆ రెండేళ్ళూ వానల్లేవు. కానీ బోరు పక్కన గుంత ఏ రకంగానూ సమర్థించుకోగలిగింది కాదు. పైగా రోజుకు ఎన్నివేల లీటర్ల బోరునీళ్ళు పోయాయో అన్నివేలూ నా డిజైన్‌లో ‘వ్యర్థం’ అనే గడిలో ఉన్నాయి. అనంతపురం జిల్లాలో నీళ్ళకు వ్యర్థం అని పేరు పెట్టినవాణ్ని నేను.

తర్వాత దిద్దాం. ఆ పైపును బడి మరుగుదొడ్ల ట్యాంకుకు, ఊరి చివర బట్టలుతికే బండల దగ్గరికి మళ్ళించాం. గుంత పూడ్చేశాం. ఖర్చు పెద్దగా కాలేదు, కానీ మొదటే ఆలోచించి ఉంటే షెడ్డునే బడి పక్కన కట్టేవాళ్ళం. పైపు, పంపు రెండూ తప్పేవి.

ఈ సిగ్గులో ఉన్నప్పుడే పోరుమామిళ్ళ శాసనం గురించి చదివాను. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు మీకు తెలిసే ఉంటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో కట్టించాడు. కట్టాక సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని అందులో ఉంది. అంతవరకు ఏ శాసనంలోనైనా ఉండే గొప్పలే. నన్ను పట్టి కూర్చోబెట్టింది దాని తర్వాతది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని వరసగా చెక్కించారు. ఆరు దోషాలు ఇవి: కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్ళు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం.

నాకు తెలిసి ఇంతకన్నా మంచి డిజైన్ చెక్‌లిస్టు మన ప్రాంతంలో ఇంకోటి లేదు. ఐదు, ఆరు దోషాలు చూడండి. చెరువు ఎంత పెద్దదని కాదు, నీళ్ళకూ భూమికీ పొత్తు కుదిరిందా అని అడుగుతున్నారు. పెద్దది కడితే ‘ఎందుకైనా మంచిది’ అనే మాటకు అక్కడ చోటే లేదు. ఎక్కువైనా దోషమే, తక్కువైనా దోషమే. మూడోది ఇంకా నచ్చింది నాకు. రెండు రాజ్యాల నడుమ చెరువుంటే కట్ట తెగినప్పుడు ఎవరు పూడ్చాలి? నీళ్ళు ఎవరివి? అది రాళ్ళకూ మట్టికీ సంబంధించిన సంగతి కాదు, కట్టాక దాన్ని చూసుకునే మనుషుల సంగతి. దాన్ని కూడా స్థలం ఎంచుకునేటప్పుడే తేల్చుకోమంటున్నారు. నా ఆర్ఓ ప్లాంటు మూడేళ్ళలో రెండుసార్లు మూతపడింది ఇందుకే. నీళ్ళు వడకట్టే పొర, అదే మెంబ్రేన్, మార్చాల్సింది పంచాయతీనా, పెట్టినవాళ్ళా అన్నది ఎవరూ రాసుకోలేదు. చెరువేమో ఆరున్నర శతాబ్దాలుగా ఉంది.

పాతదంతా బంగారం అనే బాపతు కాదు నేను. శాసనం చెప్పిన మొదటి అంగం ధర్మాత్ముడైన, ధనవంతుడైన రాజు. అది మన చేతిలో లేదు. పాత మిద్దెల గురించి కూడా ఈ మధ్య తెగ రాస్తున్నారు. చౌడు వేసిన మట్టి మిద్దెలో నేను పుట్టి పెరిగాను. ఎండాకాలం చల్లగా ఉండేది, నిజం. ప్రతి ఏడూ వానలకు ముందు మిద్దె మీదికి తట్టలతో చౌడు ఎత్తాల్సింది మా అమ్మ. జోరువాన పడితే వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాచి కిందా, దూలం పక్కనా గిన్నెలు పెట్టాల్సింది కూడా అమ్మే. తేళ్ళ సంగతి సరేసరి. మళ్ళీ ఆ ఇంట్లోకి పొమ్మంటే అమ్మ ఒప్పుకోదు. నేనూ పోను.

కానీ కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఏం చేశానో చెబుతాను. స్లాబు డిజైన్ చేసిన మిత్రుడు మంచి స్ట్రక్చరల్ ఇంజనీరు. డ్రాయింగ్ ఇచ్చాడు. మేస్త్రి దాన్ని చూసి, “సార్ 10 ఎంఎం కడ్డీ రాసినారు. 12 వేద్దాం. ఎందుకైనా మంచిది” అన్నాడు. స్లాబు మందం ఐదు అంగుళాలుంటే ఆరు చేద్దామన్నాడు. సిమెంటు ఒక పాలు ఎక్కువ వేద్దామన్నాడు. మిత్రుణ్ని అడిగితే అతనూ, “వేస్తే వేయనీ, నష్టమేముంది” అన్నాడు.

నష్టమేముందో చెప్పనా? సిమెంటు తయారీ అంటే సున్నపురాయిని కొలిమిలో 1450 డిగ్రీల దాకా కాల్చడం. కడప, తాడిపత్రి, నంద్యాల వైపు ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ సున్నపురాయి కోసమే. 100 కిలోల సున్నపురాయి పూర్తిగా కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. ఇది బొగ్గు పొగ కాదు, రాయిలోంచే వచ్చేది. కొలిమిని సోలార్‌తో నడిపినా ఇది ఆగదు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటుదే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి మేస్త్రీల లెక్కలో 400 బస్తాలు పడతాయి, అంటే 20 టన్నులు. దీన్ని తగ్గించడానికి నాకు రెండు దారులున్నాయి. ఒకటి, థర్మల్ ప్లాంటు బూడిద (ఫ్లైయాష్) కలిపిన పీపీసీ సిమెంటు కొనడం. ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం దాకా కలపొచ్చని ఐఎస్ కోడే ఒప్పుకుంటుంది, థర్మల్ ప్లాంటు ఎర్రగుంట్ల దగ్గరే ఉంది. రెండోది, అసలు అక్కర్లేని అంగుళం వేయకపోవడం. మొదటిదానికి గ్రీన్ అని స్టిక్కర్ వేస్తారు. రెండోదానికి ఏ స్టిక్కరూ లేదు. వేయని అంగుళం ఫోటో తీయలేం కదా.

మేస్త్రికి నేను చెప్పింది ఇదే. మా మిత్రుడు కాంక్రీటు పనులకు ఉన్న కోడ్, ఐఎస్ 456 ప్రకారం చేశాడు. అందులో ఇంటి మీద పడే బరువును 1.5తో గుణించాకే లెక్క మొదలవుతుంది. కాంక్రీటు బలాన్ని 1.5తో, ఉక్కు బలాన్ని 1.15తో భాగిస్తారు. ఇంట్లో మనుషులు, సామాన్ల బరువు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లని, అంటే దాదాపు 200 కిలోలని ముందే ఒప్పుకున్నారు. మామూలు రోజుల్లో మా హాల్లో అంత రాదు. మనకు తెలియనిదేదో జరగొచ్చని భయపడి పెద్దవాళ్ళు ముందే ఎంత భయపడాలో కొలిచి పెట్టారన్నమాట. దాని మీద మళ్ళీ మన భయం, దాని మీద మేస్త్రి భయం, పైన సిమెంటు డీలరు ప్రేమ. భద్రత కోసం వేసిందెంతో, భయం కోసం వేసిందెంతో విడదీయకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేను డ్రాయింగ్‌లో ఉన్నదే వేయించాను. క్యూరింగ్ మాత్రం రోజులు తగ్గకుండా దగ్గరుండి చేయించాను. స్లాబు బలం నిజంగా పోయేది క్యూరింగ్ ఎగ్గొట్టినప్పుడు. ‘ఎందుకైనా మంచిదని’ ఇంకో వారం నీళ్ళు కొట్టమంటే మాత్రం మేస్త్రి మొహం ముడుచుకున్నాడు.

వాన నీళ్ళ దగ్గర నాకు ఇంకో సంగతి తెలిసొచ్చింది. మా మిద్దె 100 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వాన అంటే 55 వేల లీటర్లు. ఆవిరీ, కడుగూ పోను ఐదింట నాలుగు పాళ్ళు వస్తాయనుకుంటే 44 వేలు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క వేస్తారు. నలుగురికి 540. అంటే వాన నీళ్ళు 81 రోజులొస్తాయి. ఏడాదిలో నాలుగో వంతు కూడా లేదు, ‘లాభం లేదులే’ అని ఫైలు మూసేయొచ్చు. పల్లెలకు మాత్రం సర్కారు కొళాయి లెక్క మనిషికి 55 లీటర్లు. దాని ప్రకారం చూస్తే నలుగురికి 220. అవే 44 వేల లీటర్లు 200 రోజులొస్తాయి. మిద్దె అదే, వాన అదే, పైపులూ అవే. మారింది మొదటి కాగితం మీది అంకె ఒక్కటే. ఏ పైపు కొనాలి, ఏ ఫిల్టర్ పెట్టాలి అని నెలల తరబడి చర్చించుకుంటాం. ‘ఎంత కావాలి?’ అనే గడిలో మాత్రం ఎవరో ఎప్పుడో వేసిన అంకెను అడక్కుండా ఎక్కించేస్తాం. మా ఇంట్లో నడుస్తున్నది ఈ రెంటికీ నడుమ. 55 అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, ఆమె లెక్కా తప్పేమీ కాదు.

పైపుల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. పైపు వ్యాసం పెరిగేకొద్దీ రాపిడికి పోయే శక్తి ఆ వ్యాసం ఐదో ఘాతంతో తగ్గుతుంది. బోరు నుంచి తోటకు కిలోమీటరు లైను వేసేటప్పుడు రెండించుల పైపు బదులు రెండున్నర ఇంచులది వేస్తే, అవే నీళ్ళకు రాపిడి మూడో వంతుకు పడిపోతుంది. చిన్న మోటారు సరిపోతుంది. 1997లో షాంఘైలో ఒక కార్పెట్ ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు యాన్ స్కిల్‌హామ్ అనే డచ్చి ఇంజనీరు ఇదే చేశాడు. లావు పైపులు తీసుకుని, యంత్రాలు పెట్టాక పైపులు వంచుకోకుండా, ముందు పైపులు తిన్నగా గీసుకుని దాని ప్రకారం యంత్రాలు పెట్టించాడు. 95 హెచ్‌పీ కావాల్సిన పంపింగ్ 7 హెచ్‌పీకి వచ్చింది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. వరస మార్చాడంతే. మన రైతు మాత్రం పైపు దగ్గర డబ్బు మిగిల్చి, మోటారు పెద్దది తీసుకుంటాడు. అతణ్ని తప్పు పట్టలేను. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. మోటారు తినే కరెంటు అతనికి బిల్లుగా రాదు, పైపు ధర మాత్రం జేబులోంచి పోతుంది. ఉచిత కరెంటు ఇచ్చినప్పుడే కెపాసిటర్, రాపిడిలేని ఫుట్‌వాల్వు, ఐఎస్ఐ మోటారు పెట్టుకోవాలని షరతులూ పెట్టారు. ఎన్ని పొలాల్లో ఉన్నాయో మీరే పోయి చూడండి.

ఇదంతా చెబితే నా తోటి ఇంజనీర్లు ఒకే మాట అంటారు. “బాగానే ఉంది గానీ, టెండర్ ఎల్‌వన్‌కే, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడికే పోతుంది. ముప్పై ఏళ్ళ ఖర్చు ఎవడు చూస్తాడు?” ఇది ఉత్త సాకు కాదు. నేనే రెండుసార్లు మంచి డిజైన్ ఇచ్చి పని పోగొట్టుకున్నాను. కానీ నేను గమనించింది ఏమిటంటే, టెండర్లో ధర పోటీ పడేది స్పెసిఫికేషన్ రాసేశాకే. ఆ స్పెసిఫికేషన్ ఎవరు రాస్తారు? మనమే. గంటకు 1000 లీటర్లని రాసింది నేను, ఏ కాంట్రాక్టరూ కాదు. 500 అని రాసి ఉంటే ఎల్‌వన్ కూడా తక్కువకే వచ్చేది. సుస్థిరత అంటే ఖర్చెక్కువ అనే భయం దాన్ని చివర్లో తగిలించేవాళ్ళకే. చేసిన డిజైన్ మీద ఇంకోటి తగిలిస్తే ఖర్చు పెరక్క ఏమవుతుంది?

ఇంకో మాట కూడా వింటాను, అది నన్ను కాస్త ఆలోచింపజేస్తుంది. బెంగళూరులో చదువుతున్న మా చెల్లెలి కొడుకు అన్నాడు: “మామా, కరువు సీమకు ఇప్పుడిప్పుడే నీళ్ళు, కరెంటు వస్తున్నాయి. ఇప్పుడు వచ్చి తక్కువ వాడమంటే ఎట్లా?” వాడన్నదాంట్లో న్యాయం ఉంది. కళ్యాణదుర్గం అవ్వను తక్కువ తాగమని ఎవరూ అనకూడదు, నేనూ అనను. కానీ నా ప్లాంటు ఆమెకు ఇచ్చినన్ని నీళ్ళే ఆమె భూమిలోంచి తీసి పారబోసింది. వాటితో ఆమెకు ఒరిగిందేమీ లేదు. ఆ ముచ్చట అడిగింది కూడా ఆమే, నేను కాదు.

ఇప్పుడు మా ఆఫీసులో ఏ పనికైనా మొదటి కాగితం మీద నాలుగు గడులు అదనంగా ఉంటాయి. నిజంగా ఎంత కావాలి, ఆ అంకె ఎవరు చెప్పారు? చెడితే ఎవరు బాగుచేస్తారు, ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? పనైపోయాక, ముప్పై ఏళ్ళకు, దీన్ని విప్పి ఏం చేస్తాం? నాలుగోది అవ్వ మాటల్లోనే రాయించాను: మిగిలినవి యాడికి పోతాయి? ప్రింటింగ్ చేసినాయన దాన్ని ‘ఎక్కడికి’ అని దిద్దబోతే వద్దన్నాను. ఈ గడులు నింపకుండా ఏ లెక్కా మొదలుపెట్టకూడదు. పోరుమామిళ్ళ ఆరు దోషాలు కూడా పెట్టాలనుకున్నాను గానీ, మరీ చాదస్తం అంటారని ఆగాను.

పోయిన నెల కొత్తగా చేరిన కుర్రాడు ఒక ఊరి ప్లాంటు కాగితం తెచ్చాడు. చురుకైనవాడు. ఎంత కావాలో జనాభా లెక్కతో సహా వేశాడు. బాగుచేసే మనిషి పేరు, సెల్ నంబరు రాశాడు. నాలుగో గడి, ‘యాడికి పోతాయి’ ఎదురుగా, శుభ్రమైన అక్షరాలతో ‘డ్రైనేజీకి’ అని ఉంది.

ఆ ఊళ్ళో డ్రైనేజీ లేదు.